ఊరి డబ్బుకు ఊరివాళ్లే కాపలా

మే నెల, సోమవారం రాత్రి ఏడున్నర. మసాచుసెట్స్‌లోని ఓ చిన్న పట్టణం. హైస్కూలు ఆడిటోరియం నిండిపోవడంతో ఆలస్యంగా వచ్చినవాళ్లను జిమ్‌లోకి పంపుతున్నారు. తలుపు దగ్గర ఓటర్ల జాబితాలో పేరు సరిచూసి తలా ఒక రంగు కార్డు చేతికిస్తున్నారు. చంటిబిడ్డతో వచ్చిన తల్లి వెనక వరసలో కూర్చుంది. ముందు వరసలో ఉన్న పెద్దాయన మోకాళ్ల మీద పద్దుల పుస్తకం తెరిచి పెన్సిల్‌తో గీతలు గీసుకుంటున్నాడు. వేదిక మధ్యలో సభ నడిపే మోడరేటర్, ఆయనకు ఒక పక్క పాలకమండలి అయిన సెలెక్ట్ బోర్డు, రెండో పక్క ఫైనాన్స్ కమిటీ. మోడరేటర్ పద్దులు ఒక్కొక్కటిగా చదువుతున్నారు. గ్రంథాలయం... ఎవరూ మాట్లాడలేదు. పోలీసు శాఖ... ఎవరూ మాట్లాడలేదు. పాఠశాలలు... “హోల్డ్!” అని నాలుగు మూలల నుంచీ కేకలు.

ఆ ఒక్క మాటతో ఆ పద్దు చర్చకు నిలిచిపోతుంది. అయిదో తరగతిలో పిల్లల సంఖ్య ఎందుకు పెరుగుతోంది, సంగీతం టీచరు ఉద్యోగం ఎందుకు పోతోంది, నా ఇంటిపన్ను మాత్రం ఎందుకు తగ్గడం లేదు అని ప్రశ్నలు వరస కడతాయి. మైకు చాలాసార్లు తిరిగేది ఫైనాన్స్ కమిటీ వైపే. ఆ కుర్చీల్లో ఉన్నవాళ్లు అధికారులు కారు, రాజకీయ నాయకులూ కారు. పగలు బ్యాంకులోనో ఆస్పత్రిలోనో సాఫ్ట్‌వేర్ కంపెనీలోనో పనిచేసి వచ్చిన ఊరివాళ్లు. నెలల తరబడి సాయంత్రాలన్నీ ఈ పుస్తకం మీదే గడిపారు. పైసా జీతం లేదు.

మసాచుసెట్స్‌లో నగరాలు, పట్టణాలు కలిపి 351. అందులో అత్యధికం పట్టణాలే. వాటిలో చాలాచోట్ల ఏటా వసంతకాలంలో ఈ దృశ్యం కనిపిస్తుంది. కొన్నేళ్లుగా అక్కడ ఊరి డబ్బు మీద చర్చ మరీ వేడెక్కింది. కరోనా కాలంలో బడులకు కేంద్రం ఇచ్చిన ప్రత్యేక నిధుల గడువు 2024 సెప్టెంబరుతో తీరింది. జీతాలు, ఆరోగ్య బీమా, ప్రత్యేక విద్య ఖర్చులు మాత్రం పెరుగుతూనే ఉన్నాయి. దాంతో ‘పన్ను పెంచాలా, టీచర్లను తీసేయాలా?’ అన్న ప్రశ్న ఊరూరా బ్యాలెట్ దాకా వెళుతోంది. బోస్టన్ చుట్టుపక్కల బడుల పేరు విని ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలకు ఇది ఇంటి విషయమే.

ఆజ్ఞాపించదు... అయినా మాట చెల్లుతుంది

పట్టణానికి మేయరు ఉండరు, కౌన్సిల్ ఉండదు. ఓటర్లంతా కూర్చునే టౌన్ మీటింగే అక్కడి చట్టసభ. పెద్ద పట్టణాల్లో వాడలవారీగా ఎన్నికైన ప్రతినిధులు ఆ సభలో కూర్చుంటారు. ఏ శాఖకు ఎంత ఇవ్వాలో తేల్చేది ఆ సభే. అయితే వందల పేజీల లెక్కలను ఒకటి రెండు రాత్రుల్లో ఓటర్లు స్వయంగా పరిశీలించడం జరిగే పని కాదు. వారి తరఫున ముందే చదివి, అడిగి, తరచి చూసి, సలహా చెప్పడానికే ఫైనాన్స్ కమిటీ ఉంది.

రాష్ట్ర చట్టాల్లో 39వ అధ్యాయం, 16వ సెక్షన్ దీనికి ఆధారం. 1910లో వచ్చిన చట్టం ఇలాంటి కమిటీలకు పునాది వేసింది. పన్ను వేయదగిన ఆస్తుల విలువ పది లక్షల డాలర్లు దాటిన ప్రతి పట్టణమూ ఇలాంటి కమిటీని పెట్టుకోవాలన్నది నిబంధన. నేటి ధరల్లో రెండిళ్ల విలువే ఆ హద్దు దాటుతుంది కాబట్టి, కమిటీ అవసరం లేని పట్టణం లేనట్టే లెక్క. బడ్జెట్ ఒక్కటే కాదు, ఊరికి సంబంధించిన ఏ విషయాన్నయినా పరిశీలించి నివేదిక ఇచ్చే హక్కు చట్టం దీనికి ఇచ్చింది.

పేర్లు ఊరికొకటి. లెక్సింగ్టన్, హాప్కింటన్‌లలో అప్రాప్రియేషన్ కమిటీ. బెల్మాంట్, మిల్టన్‌లలో వారంట్ కమిటీ. బ్రూక్‌లైన్, వెల్స్‌లీ, హింగమ్‌లలో అడ్వైజరీ కమిటీ. చాలాచోట్ల ఏడు నుంచి పదిహేను మంది సభ్యులుంటారు. బ్రూక్‌లైన్‌లో 20 నుంచి 30 మంది దాకా. పదవీకాలం మూడేళ్లకు మించదు. ఎక్కువ ఊళ్లలో వీళ్లను నియమించేది మోడరేటర్. ఖర్చు పెట్టే పాలకమండలి తన లెక్కలు చూసేవాళ్లను తానే ఎంపిక చేసుకోకుండా ఈ కట్టడి. సభ్యులు ఊరి కొలువులో ఉండకూడదనీ, మరో పదవి చేపట్టకూడదనీ చాలా పట్టణాలు నియమం పెట్టుకున్నాయి. జీతం లేకపోయినా ప్రభుత్వ ఉద్యోగులకు వర్తించే నైతిక నియమావళి వీళ్లకూ వర్తిస్తుంది. సభ్యుడి భార్య ఆ ఊరి బళ్లో ఉపాధ్యాయురాలైతే, ఆమె జీతాన్ని తాకే చర్చలో ఆయన నోరు విప్పకూడదు.

ఇంతా చేసి కమిటీ చెప్పేది సలహా మాత్రమే. సభ దాన్ని కాదనవచ్చు, కొన్నిసార్లు కాదంటుంది కూడా. కానీ ఎక్కువసార్లు ఓటర్లు ఆ సలహా వెంటే నడుస్తారు. సభ ఎజెండా అయిన వారంట్‌లో ప్రతి అంశం కిందా కమిటీ సిఫార్సును అచ్చువేయడం ఆనవాయితీ. చాలాచోట్ల ఎవరెన్ని ఓట్లతో సమర్థించారో కూడా వేస్తారు. ఆరుగురు ఔనని ముగ్గురు కాదంటే ఆ ముగ్గురి వాదనకూ చోటుంటుంది. భిన్నాభిప్రాయాన్ని దాచకపోవడమే ఈ కమిటీలకు దక్కిన గౌరవానికి అసలు మూలం.

బడి మొదటి నుంచీ ఊరి బాధ్యతే

పట్టణం, బడి అనే ఈ జంట దాదాపు నాలుగు శతాబ్దాల నాటిది. ఇప్పుడు బోస్టన్‌లో కలిసిపోయిన డార్చెస్టర్ 1633లో ఊరి వ్యవహారాలను క్రమం తప్పకుండా సమావేశమై తేల్చుకోవాలని నిర్ణయించుకుంది. అదే ఊరు 1639లో ప్రజాధనంతో బడి పెట్టింది. మాథర్ స్కూల్ పేరుతో అది నేటికీ నడుస్తోంది. 1647లో వలస ప్రభుత్వం ఒక చట్టం చేసింది. యాభై కుటుంబాలున్న ప్రతి ఊరూ చదవడం రాయడం నేర్పే ఉపాధ్యాయుణ్ని పెట్టుకోవాలి, నూరు కుటుంబాలుంటే గ్రామర్ స్కూలు నడపాలి. ఆ ఖర్చు తల్లిదండ్రులు భరించాలా, ఊరంతా భరించాలా అన్నది ఊరే తేల్చుకోవాలి.

ఆ వారసత్వం వల్లే నేటికీ అక్కడ ఇంటిపన్నులో పెద్ద వాటా బడికి పోతుంది. చాలా శివారు పట్టణాల్లో మొత్తం బడ్జెట్‌లో సగమో, అంతకన్నా ఎక్కువో పాఠశాలలదే. మిగిలినదాంట్లోనే పోలీసులు, అగ్నిమాపక దళం, రోడ్లు, గ్రంథాలయం, వృద్ధుల కేంద్రం, పింఛన్లు, అప్పుల వడ్డీలు సర్దుకోవాలి. అందుకే బడి పద్దు కదిలితే ఊరి పద్దులన్నీ కదులుతాయి.

1980లో గీసిన గీత

1970ల చివరికి మసాచుసెట్స్‌లో ఆస్తిపన్ను భారం మీద జనం విసిగిపోయారు. 1980 నవంబరు ఎన్నికల్లో పౌరులే ప్రతిపాదించిన ‘ప్రపోజిషన్ రెండున్నర’ను ఓటర్లు గెలిపించారు. దాని ప్రకారం ఊరు వసూలు చేసే మొత్తం ఆస్తిపన్ను, ఆ ఊళ్లోని ఆస్తుల పూర్తి విలువలో రెండున్నర శాతం దాటకూడదు. ఏటా పెంపు కూడా రెండున్నర శాతానికి మించకూడదు. కొత్త నిర్మాణాల మీద వచ్చే పన్ను దీనికి అదనం. అప్పటికే హద్దు దాటిన ఊళ్లు ఆ గీత కిందికి వచ్చేదాకా ఏటా 15 శాతం చొప్పున వసూళ్లు తగ్గించుకోవాల్సి వచ్చింది. తొలి ఏళ్లలో ఉద్యోగాలు పోయాయి, బడులు మూతపడ్డాయి.

ఆ చట్టంలోనే ఉన్న మరో మార్పు గురించి బయట తక్కువమందికి తెలుసు. అంతకుముందు, బడులను చూసుకునే ఎన్నికైన స్కూల్ కమిటీ ఎంత అడిగితే అంత ఊరు ఇచ్చి తీరాలి, టౌన్ మీటింగ్‌కు కోత పెట్టే వీలు లేదు. 1980 ఆ అధికారాన్ని తొలగించింది. బడి కూడా మిగతా శాఖల పక్కన నిలబడి ఊరిని ఒప్పించుకోవాల్సిన పరిస్థితి వచ్చింది. ఫైనాన్స్ కమిటీ చేతికి అసలైన పని దొరికింది అప్పుడే.

> లెక్క ఎలా తేలుతుంది?
>
> ఒక పట్టణం నిరుడు వసూలు చేయగల గరిష్ఠ పన్ను 4 కోట్ల డాలర్లు అనుకుందాం. రెండున్నర శాతం పెంపు 10 లక్షలు. కొత్త ఇళ్లు, దుకాణాల వల్ల మరో 4 లక్షలు. కాబట్టి ఈ ఏడాది హద్దు 4 కోట్ల 14 లక్షలు.
>
> అదే ఊళ్లో జీతాల ఒప్పందాల వల్ల 9 లక్షలు, ఆరోగ్య బీమా వల్ల 5 లక్షలు, ప్రత్యేక విద్య వల్ల 4 లక్షలు ఖర్చు పెరిగితే మొత్తం 18 లక్షలు. వచ్చే అదనం 14 లక్షలే. రాష్ట్ర సాయం పెరగకపోతే మిగిలిన 4 లక్షల కోసం ఎవరి ఉద్యోగమో, ఏ సేవో పోవాలి.
>
> ఇళ్ల ధరలు పెరిగినంత మాత్రాన ఈ హద్దు పెరగదు. ధరలు ఎగబాకితే పన్ను రేటు తగ్గుతుందే తప్ప ఊరి మొత్తం వసూలు మారదు.

చలికాలపు సాయంత్రాలు

అక్కడి ఆర్థిక సంవత్సరం జులై 1న మొదలై జూన్ 30తో ముగుస్తుంది. కమిటీ పని మాత్రం అంతకు ముందటి శరదృతువులోనే మొదలవుతుంది. అక్టోబరు, నవంబరుల్లో ఆదాయ అంచనాలు వేసి, శాఖలు ఎంతలో సర్దుకోవాలో పాలకమండలితో కలిసి ఒక మాట అనుకుంటారు. డిసెంబరుకల్లా శాఖల కోరికల జాబితాలు వస్తాయి. జనవరిలో గవర్నరు బడ్జెట్ ప్రతిపాదిస్తే, రాష్ట్రం నుంచి ఊరికి ఎంత రావచ్చో ‘చెర్రీ షీటు’ అనే పట్టికలో తేలుతుంది. ఇక ఫిబ్రవరి, మార్చి నెలలన్నీ విచారణలే.

చాలా కమిటీలు సభ్యులకు శాఖలు పంచుతాయి. ఒకరు అగ్నిమాపక దళం, ఒకరు గ్రంథాలయం, ఇద్దరు బడి. వాళ్లు ఆ శాఖ సమావేశాలకు వెళ్లి కూర్చుంటారు, అధికారులతో మాట్లాడతారు, వచ్చి కమిటీకి చెబుతారు. ఆ తర్వాత టౌన్ హాల్లోని గదిలో, మంచు కురిసే రాత్రి, రోడ్ల శాఖ అధిపతి వచ్చి బల్లకు అవతల కూర్చుంటారు. పదిహేనేళ్ల మంచు తోసే ట్రక్కును మరో ఏడాది నడిపితే ఏమవుతుంది? ఓవర్‌టైం నిరుడు అంచనా ఎందుకు దాటింది? ఆ ఇద్దరు కొత్త ఉద్యోగులకు జీతమేనా, ముప్పయ్యేళ్ల తర్వాతి పింఛను, ఆరోగ్య ఖర్చు కూడా లెక్కేశారా? ప్రశ్నలు ఇలా ఉంటాయి.

ఇందులో చివరి ప్రశ్నే అన్నింటికన్నా విలువైనది. ఎన్నికైనవాళ్ల చూపు వచ్చే ఎన్నిక దాకా, శాఖాధిపతుల చూపు వచ్చే ఏడాది దాకా వెళితే గొప్ప. పదేళ్ల తర్వాతి బిల్లు ఇవాళ అడిగేవాళ్లు ఊరికి కావాలి. మంచి కమిటీలు అయిదేళ్ల ఆదాయవ్యయాల పట్టిక దగ్గర పెట్టుకుని మరీ మాట్లాడతాయి. ఒకసారి మాత్రమే వచ్చే డబ్బుతో ఏటా పెట్టే ఖర్చు మొదలుపెట్టొద్దని పదేపదే చెబుతాయి. నిరుటి లెక్కల్లో మిగిలి, రాష్ట్ర రెవెన్యూ శాఖ ధ్రువీకరించిన సొమ్మును ‘ఫ్రీ క్యాష్’ అంటారు. దాంతో రోడ్డు వేయొచ్చు, ట్రక్కు కొనొచ్చు, కష్టకాలపు స్థిరీకరణ నిధిలో వేయొచ్చు. టీచరు జీతం మాత్రం ఇవ్వకూడదు. వచ్చే ఏడాది ఆ సొమ్ము మిగలకపోతే ఆ టీచరు వీధిన పడతారు. కరోనా నిధులతో పెట్టుకున్న సిబ్బంది విషయంలో 2024లో ఎన్నో బడులకు ఎదురైంది సరిగ్గా ఇదే.

బడి గుమ్మం దగ్గర ఆగే చెయ్యి

పోలీసు శాఖ పద్దును టౌన్ మీటింగ్ వరసవరసగా కత్తిరించవచ్చు. బడి పద్దును కత్తిరించడం కుదరదు. చట్టంలోని 71వ అధ్యాయం 34వ సెక్షన్ ప్రకారం సభ ఓటు వేసేది పాఠశాలల మొత్తం మీద మాత్రమే. లెక్కల టీచరుకు ఎంత, ఫుట్‌బాల్ జట్టుకు ఎంత అనేది ఎన్నికైన స్కూల్ కమిటీ ఇష్టం. ‘ఫలానా దానికి తగ్గించండి’ అని సభ కోరవచ్చుగానీ, ఆ కోరికకు కట్టుబడాల్సిన పని స్కూల్ కమిటీకి లేదు.

ఈ గీత గీయడానికి కారణం ఉంది. ఏ పాఠం చెప్పాలో, ఏ టీచరు ఉండాలో పన్ను మీద కోపంతో వచ్చిన రాత్రిసభ తేల్చకూడదు. అది సరైన నిర్ణయం. కానీ దీనివల్ల ఫైనాన్స్ కమిటీ పని సున్నితమవుతుంది. ఊరి ఖర్చులో సగం పైగా ఉన్న పద్దు గురించి అది ప్రశ్నలు అడగగలదు, మొత్తం మీద సలహా ఇవ్వగలదు, అక్కడితో సరి. అందుకే తెలివైన కమిటీలు మార్చిలో కాక అక్టోబరులోనే స్కూల్ కమిటీతో ఒకే బల్ల దగ్గర కూర్చుంటాయి. బడి బడ్జెట్ మీద స్కూల్ కమిటీ కూడా బహిరంగ విచారణ జరపాలని చట్టం చెబుతోంది. వాళ్ల అంచనాలు, ఊరి అంచనాలు అప్పటికే కలిసి ఉంటే మేలో సభలో గొడవ ఉండదు.

పన్నుకు పై హద్దు ఉన్నట్టే బడి ఖర్చుకు కింది హద్దూ ఉంది. 1993 జూన్‌లో రాష్ట్ర సుప్రీం జ్యుడిషియల్ కోర్టు మెక్‌డఫీ కేసులో, పేద ఊరైనా గొప్ప ఊరైనా ప్రతి బిడ్డకూ తగిన విద్య అందించడం రాష్ట్రం బాధ్యత అని తేల్చింది. అదే నెలలో విద్యా సంస్కరణల చట్టం వచ్చింది. ప్రతి ఊరి బడికీ కనీసం ఎంత ఖర్చు కావాలో రాష్ట్రం లెక్కగడుతుంది. అందులో ఊరి స్తోమతను బట్టి దాని వాటా నిర్ణయించి, మిగతాది ‘చాప్టర్ 70’ సాయంగా ఇస్తుంది. ఆ కనీసం కన్నా తక్కువ ఖర్చు పెట్టే స్వేచ్ఛ ఏ ఊరికీ లేదు. 2019లో స్టూడెంట్ ఆపర్చునిటీ చట్టం ఈ లెక్కను సవరించి పేద విద్యార్థులు ఎక్కువున్న స్కూలు జిల్లాలకు సాయం పెంచింది. సంపన్న శివార్లకు మాత్రం కనీస పెంపే దక్కుతోంది. 2025-26కి అది విద్యార్థికి 150 డాలర్లు. ఆ మొత్తంతో ఊరి బడి ఖర్చు పెరుగుదల పూడదు.

అన్నింటికన్నా కష్టమైన పద్దు ప్రత్యేక విద్య. మసాచుసెట్స్ 1972లోనే వైకల్యమున్న పిల్లలకు తగిన విద్య హక్కుగా ఇచ్చింది, 1975లో కేంద్రం ఆ బాట పట్టింది. ఊరి బడిలో కుదరని పిల్లలను ప్రత్యేక ప్రైవేటు బడికి పంపితే ఆ ఫీజు ఊరే కట్టాలి. ఒక్కో విద్యార్థికి ఏడాదికి లక్ష డాలర్లు దాటే సందర్భాలున్నాయి. ఒక పరిమితి దాటిన ఖర్చులో కొంత రాష్ట్రం వెనక్కి ఇస్తుంది, అంతా కాదు. ఆ ప్రైవేటు బడుల ఫీజు పెంపునకు రాష్ట్రం 2023-24కి అనుమతించిన రేటు 14 శాతం. ఊరి పన్ను పెరిగేది రెండున్నర.

చిన్న ఊళ్లో ఇలాంటి అవసరమున్న ఒక్క కుటుంబం కొత్తగా వచ్చినా పద్దు మారిపోతుంది. పిల్లల పేర్లు బయటికి రాకూడదు కాబట్టి కమిటీ చేతికి మొత్తాలే వస్తాయి. అయినా సభలో ఆ పద్దు చదివినప్పుడు ఆ తల్లిదండ్రులకు అందరి చూపూ తమ మీదే ఉన్నట్టుంటుంది. అది బేరం పెట్టకూడని హక్కు అని సభకు గట్టిగా చెప్పడం, ఆ ఖర్చు అకస్మాత్తుగా రాకుండా ముందే కొంత నిధి దాచమని ఊరిని ఒప్పించడం... ఈ రెండూ మంచి ఫైనాన్స్ కమిటీలు చేసే పనులు. ఊరికి వీటిని మించిన సేవ లేదు.

చేతిలో ఉన్న తాళం

సలహా తప్ప అధికారం లేని ఈ కమిటీకి ఒక ముఖ్యమైన మినహాయింపు ఉంది. అది రిజర్వ్ ఫండ్. టౌన్ మీటింగ్ ఏటా కొంత సొమ్ము ఇందులో వేస్తుంది. చట్టం ప్రకారం అది నిరుటి పన్ను వసూలులో అయిదు శాతం దాటకూడదు. అసాధారణమైన లేదా ఊహించని ఖర్చు వస్తే మళ్లీ సభ పిలవక్కర్లేదు, ఫైనాన్స్ కమిటీ ఓటు చాలు. జనవరిలో బాయిలర్ పగిలినప్పుడో, అగ్నిమాపక వాహనం ఇంజిన్ పోయినప్పుడో ఈ తాళం తెరుచుకుంటుంది. ‘ఊహించనిది’ అన్న షరతు దగ్గరే కమిటీ గట్టిగా నిలబడాలి. బడ్జెట్‌లో కావాలని తక్కువ చూపించి, తర్వాత ఇక్కడికి వచ్చే శాఖలకు కాదని చెప్పడం తేలిక కాదు. అడిగేది రోజూ మార్కెట్‌లో ఎదురయ్యే మనిషే.

మంచు విషయంలో మాత్రం చట్టమే కొంత సడలింపు ఇచ్చింది. మంచు తొలగింపునకు కేటాయించిన సొమ్ము అయిపోయినా, ఆ కేటాయింపు నిరుటికన్నా తక్కువ కాకపోతే, అనుమతి తీసుకుని లోటులోకి వెళ్లవచ్చు. బోస్టన్‌లో వంద అంగుళాలకు పైగా మంచు కురిసిన 2014-15 శీతాకాలంలో ఈ సడలింపు లేకపోతే ఊళ్లు నిలబడేవి కావు. మామూలుగా అలాంటి లోటును తర్వాతి ఏడాది తీర్చాలి.

ఏడాది చివరి రెండు నెలల్లో, ఆ తర్వాత జులై మొదటి పక్షంలో ఒక శాఖలో మిగిలిన సొమ్మును మరో శాఖకు మార్చాలన్నా కమిటీ సమ్మతి కావాలి. బడి పద్దును ఇక్కడా తాకకూడదు. ఏడాది పొడవునా ఖర్చుల నివేదికలు చదివే అలవాటు ఎందుకు అవసరమో పట్టణం కాని బ్రాక్టన్ చూపించింది. ఆ నగరంలో 2022-23 బడి ఖర్చు కేటాయింపును కోటి డాలర్లకు పైగా దాటిపోయిందని 2023 ఆగస్టులో బయటపడింది. సంవత్సరం ముగిశాక తెలిసిన లోటుకు చికిత్స కష్టం.

ఓవర్‌రైడ్: ఊరు రెండుగా చీలే రోజు

ఏటా పెంపు మీదున్న రెండున్నర శాతం గీత దాటాలంటే ఒకటే దారి, బ్యాలెట్. పాలకమండలి ప్రశ్నను ఓటర్ల ముందు పెడుతుంది. సగానికి పైగా ఔనంటే పన్ను హద్దు శాశ్వతంగా పెరుగుతుంది. ఇదే ఓవర్‌రైడ్. కొత్త బడి భవనం లాంటి వాటి అప్పు తీరేదాకా మాత్రమే పెంచేది డెట్ ఎక్స్‌క్లూజన్. చాలా ఊళ్లలో టౌన్ మీటింగ్ రెండు బడ్జెట్లు ఆమోదిస్తుంది, ఓవర్‌రైడ్ నెగ్గితే ఒకటి, ఓడితే ఒకటి. రెండో దాంట్లో పోయే ఉద్యోగాల జాబితా ముందే అచ్చవుతుంది. అందులో తమ పేరు చూసుకున్న యువ ఉపాధ్యాయులు నెలల తరబడి ఫలితం కోసం ఎదురుచూస్తారు. మరోవైపు, పింఛను మీద బతుకుతూ నలభై ఏళ్ల నాటి ఇంటికి పన్ను కట్టలేక అమ్ముకోవాలా అని ఆలోచించే వృద్ధులు. ఇద్దరిదీ న్యాయమైన బాధే. ఎవరి బాధ ఎంతో అంకెల్లో చెప్పాల్సింది ఫైనాన్స్ కమిటీ.

బోస్టన్ పక్కనే ఉన్న బెల్మాంట్ కథ ఇందుకు మంచి పాఠం. దుకాణాలు, కంపెనీలు తక్కువ, ఇళ్లే ఎక్కువ. కాబట్టి భారమంతా గృహస్థుల మీదే. 2021 ఏప్రిల్‌లో 64 లక్షల డాలర్ల ఓవర్‌రైడ్‌ను అక్కడి ఓటర్లు తిప్పికొట్టారు. మూడేళ్లు గడిచాయి. 2024 ఏప్రిల్‌లో అంతకన్నా పెద్దదైన 84 లక్షల ప్రతిపాదనను అదే ఊరు గెలిపించింది. కొత్త ఇళ్ల రాకతో పెరిగిన ష్రూస్‌బరీ 2014లో 55 లక్షలకు, 2021లో 95 లక్షలకు ఔనంది. కారణాలు ఊరికొక రకం కావచ్చు. కానీ లెక్క ముందే, అందరికీ అర్థమయ్యే భాషలో, రెండు వైపులా చెప్పిన ఊళ్లలో కనీసం ఓటరు తెలిసి ఓటేస్తాడు.

> 34 మంది... తర్వాత 379 మంది
>
> పొరుగు రాష్ట్రం న్యూహాంప్‌షైర్‌లో క్రోయిడన్ అనే ఊరు, జనాభా దాదాపు 800. 2022 మార్చిలో బడి బడ్జెట్ సభకు కొద్దిమందే వచ్చారు. 17 లక్షల డాలర్ల ప్రతిపాదనను 8 లక్షలకు కుదించే సవరణ 20-14 ఓట్లతో నెగ్గింది. ఊరు ఉలిక్కిపడింది. మళ్లీ సభ చెల్లాలంటే నమోదైన ఓటర్లలో సగం మందైనా రావాలి. తల్లిదండ్రులు ఇల్లిల్లూ తిరిగారు. మే 7న 377-2 ఓట్లతో పాత బడ్జెట్ తిరిగి వచ్చింది.
>
> న్యూహాంప్‌షైర్‌లో అధికారిక బడ్జెట్ కమిటీ ఉన్న ఊళ్లలో దాని మాటకు మరింత బలం ఉంది. కమిటీ సిఫార్సు చేసిన మొత్తాన్ని సభ పది శాతానికి మించి పెంచలేదు.

మనవాళ్ల వాటా ఎక్కడ?

ఆష్‌లాండ్‌లోని శ్రీలక్ష్మీ దేవాలయం 1990 నుంచీ ఉంది. దాని చుట్టుపక్కల హాప్కింటన్, వెస్ట్‌బరో, ష్రూస్‌బరీ, ఇటు ఆక్టన్, వెస్ట్‌ఫర్డ్, లెక్సింగ్టన్... ఈ ఊళ్లన్నింట్లో తెలుగు కుటుంబాలున్నాయి. ఎక్కువమంది బడి చూసే అక్కడ చేరారు. పన్ను నెలనెలా ఇంటి వాయిదాలో కలిసి పోతుంది కాబట్టి అది ఎవరు తేలుస్తారో చాలామందికి తెలియదు.

పైగా హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకు, గ్రీన్‌కార్డు కోసం ఏళ్ల తరబడి వరసలో ఉన్నవాళ్లకు, గ్రీన్‌కార్డు వచ్చినవాళ్లకు కూడా టౌన్ మీటింగ్‌లో ఓటు లేదు. పన్ను కడతారు, పిల్లలు చదువుతారు, చెయ్యెత్తే హక్కు మాత్రం పౌరసత్వంతోనే. వాళ్లకు ఫైనాన్స్ కమిటీ గది మరింత ముఖ్యం. బహిరంగ సమావేశాల చట్టం ప్రకారం ఆ తలుపు పౌరులకే కాదు, అందరికీ తెరిచి ఉండాలి. సెలవురోజులు మినహాయించి కనీసం 48 గంటల ముందే ఎజెండా ప్రకటించాలి. అధ్యక్షుల అనుమతితో ఎవరైనా మాట్లాడవచ్చు, లేఖ రాయవచ్చు. అంకెలు ఇంకా ఖరారు కాని ఫిబ్రవరిలో చెప్పిన ఒక మంచి మాట, మే రాత్రి వేసిన ఒక ఓటుకన్నా ఎక్కువ పనిచేయగలదు.

కమిటీలకు ఇవాళ ఉన్న అసలు కొరత మనుషులదే. చిన్నపిల్లలున్నవాళ్లకు సాయంత్రాలు దొరకవు, దొరికినవాళ్లలో ఎక్కువమంది ఉద్యోగ విరమణ చేసినవాళ్లు. దాంతో బడికి పిల్లల్ని పంపుతున్న ఇళ్ల గొంతు బడి పద్దు చూసే గదిలోనే పలచబడుతోంది. ఖాళీ కుర్చీలతో నడిచే కమిటీలూ ఉన్నాయి. లెక్కలు, డేటా, ఆస్పత్రుల బిల్లింగు, ప్రాజెక్టుల నిర్వహణ తెలిసిన మనవాళ్లు ఆ ఊళ్లలో వేలల్లో ఉన్నారు. పౌరసత్వం వచ్చి ఓటరుగా నమోదైనవారు మోడరేటర్‌కు ఒక ఉత్తరం రాసి ఆసక్తి తెలపవచ్చు. చాలాచోట్ల కొత్త నియామకాలు వసంత సభ ముగిశాక, వేసవిలో జరుగుతాయి. ఓటు ఇంకా రానివారు ఈ చలికాలంలో ఒక్క సాయంత్రం టౌన్ హాలుకు వెళ్లి, బడి పద్దు విచారణలో చివరిదాకా కూర్చోండి.